చెరిపే మీటను సరిచేయడం ఎలా?

కంప్యూటర్‌లో ‘స్త్రీ’ అని టైపు చేసి వెంటనే బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరం మొత్తం పోదు. గుడిదీర్ఘం ఊడిపోయి ‘స్త్ర’ మిగులుతుంది. అదే అక్షరానికి ముందు కర్సర్ నిలిపి డిలీట్ నొక్కితే కొన్ని ఎడిటర్లలో అక్షరమంతా ఒక్క దెబ్బకు మాయమవుతుంది. మరికొన్నిటిలో ముందున్న ‘స’ ఒక్కటే పోతుంది, దాని కింద ఉండాల్సిన ఒత్తులు చుక్కల సున్నాను పట్టుకుని వేలాడతాయి. చెరిపే మీటలు రెండూ ఒకేలా ఎందుకు పనిచేయవు? ఇది తప్పే అయితే ఇన్నేళ్లుగా ఎవరూ ఎందుకు దిద్దలేదు? తెలుగులో టైపు చేయడం మొదలుపెట్టిన ప్రతివారికీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్నలు వస్తాయి.

మొదటి ప్రశ్నకు జవాబు తెలుగు లిపిని యంత్రం దాచుకునే తీరులో ఉంది. రెండోదానికి జవాబు మనుషుల అలవాట్లలోనూ, ఆ అలవాట్ల మీద ఆధారపడి రాసిన ప్రోగ్రాముల్లోనూ ఉంది. తప్పు ఏమిటో కనుక్కోవడం ఒక పూట పని. దాన్ని దిద్దేటప్పుడు పాతదాన్ని నమ్ముకున్నవారి పని చెడకుండా చూడటానికి కొన్నిసార్లు పదేళ్లు పడుతుంది.

ఒక అక్షరం, ఆరు సంకేతాలు

యంత్రం అక్షరాల బొమ్మలను దాచుకోదు, అంకెలను దాచుకుంటుంది. ఏ గుర్తుకు ఏ అంకె అని నిర్ణయించే అంతర్జాతీయ పట్టిక పేరు యూనికోడ్. 1991లో వచ్చిన తొలి వెర్షన్ నుంచే అందులో తెలుగు ఉంది. తెలుగుకు కేటాయించిన 128 గళ్లలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ, పొల్లు ఒక్కొక్కటీ ఒక్కో గడిలో ఉంటాయి. ఒత్తులకు మాత్రం విడిగా గళ్లు లేవు. హల్లు తర్వాత పొల్లు, పొల్లు తర్వాత మరో హల్లు వస్తే ఆ రెండో హల్లును ఒత్తుగా గీసే బాధ్యత ఫాంటుది.

ఆ లెక్కన ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం ఫైల్‌లో ఆరు సంకేతాల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇవాళ ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి కాబట్టి ఆ అక్షరం పద్దెనిమిది బైట్లు తీసుకుంటుంది. ఊళ్ల పేర్లలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. ‘అమరాపురం’ చదివేవారికి ఐదు అక్షరాలు, యంత్రానికి ఎనిమిది సంకేతాలు. ‘హిందూపురం’ నాలుగు అక్షరాలే, సంకేతాలు తొమ్మిది. ‘పెనుకొండ’ నాలుగు అక్షరాలు, ఎనిమిది సంకేతాలు. ‘ధర్మవరం’ నాలుగు అక్షరాలు, ఏడు సంకేతాలు.

చదివేవారు ఒక అక్షరంగా భావించే సంకేతాల మొత్తానికి నిపుణులు పెట్టిన పేరు గ్రాఫీమ్ క్లస్టర్. ఇక్కడ దాన్ని అక్షరగుత్తి అందాం. కర్సర్ ఎక్కడ ఆగాలి, మీట ఎంత చెరపాలి, ఒక మాటలో ఎన్ని అక్షరాలున్నాయి అన్న ప్రశ్నలన్నీ చివరికి గుత్తి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న దగ్గరికే వస్తాయి.

కంటికి కనిపించని సంకేతాలు కూడా ఉన్నాయి. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట కింద వ ఒత్తు పడకుండా, పొల్లు పొల్లుగానే నిలవడానికి మధ్యలో వెడల్పు లేని అడ్డు సంకేతం ఒకటి పెడతారు. ఆ మాటను చివరి నుంచి బ్యాక్‌స్పేస్‌తో చెరుపుకుంటూ వస్తే, ‘వ’ పోయిన తర్వాత ఒకసారి మీట నొక్కినా తెరమీద ఏమీ కదలదు. మీట పనిచేయలేదని అనుకుంటారు కానీ, ఆ నొక్కుడుకు అడ్డు సంకేతం పోయింది. ఐత్వానిది ఇంకో రకం చిక్కు. ‘కై’ని క, ఐత్వం అని రెండు సంకేతాలతో రాయవచ్చు; క, ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు అని మూడింటితోనూ రాయవచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ ప్రకటించింది, తెరమీద రెండూ ఒకటే. చెరపడానికి మాత్రం ఒకదానికి రెండు నొక్కులు, ఇంకోదానికి మూడు నొక్కులు పడతాయి.

బ్యాక్‌స్పేస్ సంకేతం తర్వాత సంకేతం చెరపడం పొరపాటు కాదు, కావాలని అలా పెట్టినదే. ‘స్త్రీ’ రాయబోయి చివర గుడి కొట్టి ‘స్త్రి’ అని రాసినవారు గుడిని ఒక్కదాన్ని తీసేసి గుడిదీర్ఘం పెట్టుకుంటే చాలు. అక్షరమంతా పోతే ఆరు సంకేతాలూ మళ్లీ కొట్టాలి. చేతి నుంచి ఇప్పుడే జారిన తప్పును దిద్దుకోవడానికే ఎక్కువమంది బ్యాక్‌స్పేస్ వాడతారు, కాబట్టి అది చిన్న ముక్క చెరపడమే మేలు. డిలీట్ సంగతి వేరు. అది కర్సర్‌కు ముందు ఎప్పుడో రాసి ఉన్నదాన్ని చెరుపుతుంది. అక్కడ అక్షరం తల తీసేసి మొండెం వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. అక్షరగుత్తుల గురించి యూనికోడ్ వెలువరించిన నివేదిక కూడా బ్యాక్‌స్పేస్ సంకేతాన్ని, డిలీట్ గుత్తిని చెరిపే పద్ధతి ఉండవచ్చునని చెబుతుంది.

చిల్లుల టేపు నాటి వారసత్వం

చెరిపే మీటలు రెండు ఎందుకున్నాయో తెలుసుకోవాలంటే కాగితపు టేపు కాలానికి వెళ్లాలి. 1963లో అమెరికాలో ఆస్కీ అనే సంకేతాల పట్టిక వచ్చింది. అందులో 8వ సంకేతం బ్యాక్‌స్పేస్, 127వది డిలీట్. బ్యాక్‌స్పేస్ అంటే అచ్చు యంత్రపు తలను ఒక గడి వెనక్కి జరపడమే, అది దేన్నీ చెరపదు. డిలీట్‌కు 127 ఎందుకు వచ్చిందంటే, ఏడు బిట్లూ ఒకట్లయితే వచ్చే అంకె అదే. టేపు మీద ఒకట్లంటే చిల్లులు. పొడిచిన చిల్లును పూడ్చలేరు, మిగిలిన చోట్ల కూడా పొడవగలరు. అందుకే తప్పు పడిన వరసలో ఏడు చిల్లులూ పొడిచేసేవారు. చదివే యంత్రం ఆ వరసను లెక్కలోకి తీసుకోకుండా దాటిపోయేది.

టేపులు పోయి తెరలు వచ్చాక ఈ రెండు సంకేతాల్లో ఏది ‘వెనుక ఉన్నదాన్ని చెరుపు’ అన్న పనికి వాడాలో టెర్మినళ్లు తయారు చేసినవారికి ఏకాభిప్రాయం కుదరలేదు. కొందరి మీట 8ని పంపేది, కొందరిది 127ను. కంట్రోల్ మీటతో హెచ్ నొక్కినా వచ్చేది 8వ సంకేతమే. 1976లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మొదలైన ఈమాక్స్ ఎడిటర్‌లో కంట్రోల్-హెచ్ అంటే సహాయం. దాంతో 8ని పంపే టెర్మినళ్ల మీద అక్షరం చెరుపుదామని బ్యాక్‌స్పేస్ నొక్కినవారి ముందు సహాయపు కిటికీ తెరుచుకునేది.

సహాయాన్ని ఇంకో మీటకు మారిస్తే సరిపోదా అనిపిస్తుంది. అప్పటికే కంట్రోల్-హెచ్‌కు వేళ్లు అలవాటైనవారున్నారు, దాన్ని చూపుతూ రాసిన పుస్తకాలున్నాయి. ఈమాక్స్ దాని జోలికి పోలేదు. టెర్మినల్ ఏ సంకేతం పంపుతుందో చూసి, దాన్ని లోపలికి తీసుకునేటప్పుడే తర్జుమా చేసే అమరికను విడిగా ఇచ్చింది. ఇబ్బంది ఉన్నవారు దాన్ని పెట్టుకున్నారు, ఇబ్బంది లేనివారికి ఏ మార్పూ తెలియలేదు.

పాత అట్టలు, కొత్త మగ్గం

పాతదాన్ని వాడుతున్నవారి పని చెడకుండా కొత్తదాన్ని తేవడాన్ని ఇంజనీర్లు బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు. వెనుకటి పొందిక అనుకోవచ్చు. ఇది ఎందుకంత గట్టిగా పట్టుకోవాల్సిన విషయమో ధర్మవరం పట్టుమగ్గం దగ్గర చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

చీర అంచు మీద హంసో, మామిడి పిందో నేయడానికి మగ్గం పైన జాకార్డు పెట్టె ఉంటుంది. దానికి చిల్లులు పొడిచిన అట్టల దండ వేలాడుతుంది. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు. అట్ట మీద చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరుతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, ఆ పోగు కిందే ఉండిపోతుంది. డిజైన్ అంతా అట్టల్లోనే ఉంది. ఇప్పుడు పెట్టెలో సూదుల వరస ఒకచోట వంకరగా ఉందని, దాన్ని సరిచేసి కొత్త పెట్టె తయారు చేశారనుకుందాం. వరస చక్కబడింది. కానీ నేతగాడి ఇంట్లో అటక మీద ఉన్న పాత అట్టల దండలన్నీ ఆ వంకరను లెక్కలో పెట్టుకునే పొడిచినవి. కొత్త పెట్టె మీద వేస్తే హంస మెడ విరుగుతుంది. ఆ నేతగాడికి వరస వంకరగా ఉండటం ఏనాడూ సమస్య కాలేదు, దాన్ని సరిచేయడమే సమస్య అయింది. ఒకటి రెండు దండలైతే మళ్లీ పొడిపించుకుంటాడు. ఊరంతటి అట్టలూ అవే అయితే కొత్త పెట్టెను ఎవరూ కొనరు.

ఎడిటర్ కమాండ్‌కు కూడా ఇలాంటి పాత అట్టలు ఉంటాయి. దాన్ని వాడేవారు రెండు రకాలు. మీట నొక్కే మనిషి ఒకరు. ఆ కమాండ్‌ను పేరుతో పిలిచే ప్రోగ్రాము ఇంకొకరు. మనిషి కొత్తదానికి రెండు రోజులు విసుక్కుని అలవాటు పడతాడు. ప్రోగ్రాముకు ఆ వెసులుబాటు లేదు. ఎప్పుడో రాసి, రాసినవారే మరిచిపోయిన చిన్న మాక్రో ఒకటి ఒకానొక ఉదయం తప్పు లెక్క కట్టడం మొదలుపెడుతుంది, కారణం ఏమిటో వెంటనే ఎవరికీ తోచదు.

వాడేవారు తగినంతమంది ఉంటే, కమాండ్ బయటికి చూపించే ప్రతి లక్షణం మీదా, పత్రాల్లో రాసినదైనా రాయనిదైనా, ఎవరో ఒకరు ఆధారపడే తీరుతారు. గూగుల్‌లో పనిచేసిన ఇంజనీరు హైరమ్ రైట్ పేరు మీద దీన్ని హైరమ్ సూత్రం అంటున్నారు. దీనికి పాత ఉదాహరణ, ప్రోగ్రాములను కూర్చడానికి వాడే మేక్ అనే పనిముట్టు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ దాన్ని రాసినప్పుడు కమాండ్ వరసలు ట్యాబ్‌తోనే మొదలవ్వాలని పెట్టాడు. ట్యాబ్, ఖాళీలు చూపుకు ఒకేలా ఉంటాయి కాబట్టి ఇది చెడ్డ ఏర్పాటని త్వరలోనే తెలిసింది. అప్పటికి దాన్ని వాడుతున్నవారు డజను మంది ఉంటారేమో. వాళ్ల ఫైళ్లు చెడిపోతాయని ఆయన మార్చలేదు. ఆ డజను మంది కోసం ఆగిన దిద్దుబాటు వల్ల ఇవాళ్టికీ కొత్తగా నేర్చుకునేవారు ట్యాబ్ బదులు ఖాళీలు కొట్టి తల పట్టుకుంటున్నారు. వెనుకటి పొందిక ప్రతిసారీ మంచి నిర్ణయమే అవుతుందని అనుకోవడానికి లేదు.

ఏ పేచీ లేని దిద్దుబాట్లు కూడా ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, అడ్డు సంకేతం, దీర్ఘం ఆ వరసలో వచ్చిన ఒక తెలుగు అక్షరాన్ని చూపించబోయి ఐఫోన్ యాప్‌లు కూలిపోయాయి. సందేశంలో ఆ అక్షరం వచ్చిందంటే ఆ యాప్ మళ్లీ తెరుచుకోవడమే కష్టమయ్యేది. ఆ నెలలోనే ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. యాప్ కూలిపోవాలని కోరుకుని దాని మీద పని అల్లుకున్నవారు ఎవరూ లేరు. మార్పు అక్షరాన్ని గీసే చోట జరిగింది, ఎవరి ఫైల్‌లోనూ ఒక్క సంకేతం మారలేదు. అందుకే పాత, కొత్త అన్న తగువే రాలేదు. చెరిపే మీటది అలాంటి కేసు కాదు. అది తప్పుగా పనిచేస్తోందని కొందరు అంటుంటే, అలాగే పనిచేయాలని ఇంకొందరు దాని మీద పని నడుపుకుంటున్నారు.

ఈమాక్స్ 29 ఏం చేసింది

ఈమాక్స్‌లో కర్సర్ తెలుగు అక్షరాన్ని ముక్కలుగా చూడదు. బాణం మీట నొక్కితే ‘ర్మ’ను మొత్తంగా దాటుతుంది. డిలీట్ మాత్రం చాలాకాలం ఒక్క సంకేతాన్నే చెరిపేది. ‘ధర్మవరం’లో ‘ధ’ తర్వాత కర్సర్ నిలిపి డిలీట్ నొక్కితే ‘ర’ ఒక్కటే పోయేది. మిగిలిన పొల్లు ఊరుకోదు కదా. వెనకున్న ‘ధ’ను, ముందున్న ‘మ’ను కలిపేసుకుని ‘ధ్మవరం’ తయారు చేసేది. చెరపమన్నది ఒకటైతే, ఎవరూ రాయని కొత్త సంయుక్తాక్షరం ఒకటి పుట్టుకొచ్చేది. కర్సర్ ఒక కొలత పాటిస్తూ, మీట ఇంకో కొలత పాటించడమే ఇక్కడి దోషం.

దీన్ని దిద్దడానికి అన్నిటికంటే దగ్గరి దారి, సంకేతాన్ని చెరిపే అసలు కమాండ్‌నే గుత్తిని చెరిపేలా మార్చడం. ఈమాక్స్‌లో దాని పేరు డిలీట్-చార్. కంట్రోల్-డీ నొక్కితే పనిచేసేది అదే. కానీ ఈమాక్స్ కోసం దశాబ్దాలుగా రాసిన ప్రోగ్రాములు ఈ పేరుతోనే, ‘ఇన్ని చెరుపు’ అని లెక్క చెప్పి దాన్ని పిలుస్తున్నాయి. ‘అమరాపురం’ ముందు నిలబడి ‘మూడు చెరుపు’ అన్నారనుకుందాం. సంకేతాల లెక్కలో అ, మ, ర పోయి, దిక్కులేని దీర్ఘంతో ‘పురం’ మిగులుతుంది. గుత్తుల లెక్కలో అ, మ, రా పోయి శుభ్రంగా ‘పురం’ మిగులుతుంది. మనిషికి రెండోదే కావాలి. ప్రోగ్రాముకు అలా కాదు. అది తాను చేర్చిన సంకేతాలను ముందే లెక్కపెట్టుకుని, సరిగ్గా అన్నే తీసేయాలనుకుంటుంది. ‘స్త్రీ’ అని చేర్చి, ఆరు చేర్చానని గుర్తుపెట్టుకుని, తర్వాత ఆరు చెరపమంటుంది. ఆరు గుత్తులు చెరిపితే పక్కనున్న ఐదు అక్షరాలు కూడా ఎగిరిపోతాయి.

అందుకే మనిషి వాడే కమాండ్, ప్రోగ్రాము వాడే కమాండ్ వేరు కావాలి. ఆ విడదీత 2012లో వచ్చిన ఈమాక్స్ 24.1 నాటికే జరిగి ఉంది, అయితే వేరే అవసరం కోసం. మౌసుతో కొంత భాగాన్ని గుర్తించి డిలీట్ కొడితే ఆ భాగమంతా పోవాలని ఇతర సాఫ్ట్‌వేర్లలో అలవాటైనవారు కోరుకున్నారు. దానికోసం డిలీట్ మీటకు డిలీట్-ఫార్వర్డ్-చార్ అనే వేరే కమాండ్‌ను కట్టారు. అది మనుషుల కోసం. డిలీట్-చార్ ప్రోగ్రాముల కోసం పాత తీరులోనే ఉండిపోయింది.

2023 జులైలో వచ్చిన ఈమాక్స్ 29.1లో గుత్తి దిద్దుబాటు ఈ కొత్త కమాండ్‌కే జరిగింది. ఇప్పుడు డిలీట్ మీట నొక్కితే ‘ర్మ’ మొత్తం పోయి ‘ధవరం’ మిగులుతుంది. లెక్క చెప్పి నొక్కితే అన్ని గుత్తులు పోతాయి. కంట్రోల్-డీ ఎప్పటిలా ఒక్క సంకేతాన్ని చెరుపుతుంది. బ్యాక్‌స్పేస్ కూడా అంతే. ‘చెరుపు’ అనే ఒక్క పనికి మూడు మీటలు, రెండు కొలతలు. కొత్తవారికి ఇది గజిబిజిగా కనిపిస్తుంది, కానీ ఏ అలవాటును ఎక్కడ కాపాడాలో గుర్తుపట్టి చేసిన పని ఇది. డిలీట్ మీట నొక్కేవారిలో ఎక్కువమంది గుత్తిని కోరుకునేవారే. కంట్రోల్-డీని పట్టుకుని ఉన్నవారు సాధారణంగా ఈమాక్స్‌లో పండినవారు, ముక్కలుగా చెరపడం ఒక్కోసారి వారికి కావాలి కూడా.

కర్సర్‌కు కూడా అదే వెర్షన్‌లో ఒక వెసులుబాటు వచ్చింది. గుత్తి లోపలికి దూరి మధ్యలోని సంకేతాన్ని దిద్దాలనుకునేవారి కోసం, కర్సర్ ఉన్నచోట అక్షరాన్ని తాత్కాలికంగా విడదీసి చూపే అమరిక చేర్చారు. అది మొదట మూసే ఉంటుంది. కావాలనుకున్నవారే తెరుచుకోవాలి. ‘స్త్రీ’లో త బదులు ట పడితే చివరి నుంచి చెరుపుకుంటూ రావడం కంటే ఇలా లోపలికి వెళ్లడం తేలిక.

మార్పు చేసి ఊరుకుంటే చాలదు, చెప్పాలి కూడా. ఈమాక్స్ ప్రతి వెర్షన్‌తోనూ ‘వార్తలు’ అనే పెద్ద ఫైల్ వస్తుంది. పాతదానితో పొసగని మార్పులను అందులో విడి శీర్షిక కింద పెడతారు. పేరు మారిన కమాండ్‌లను కూడా వెంటనే తీసేయరు. పాత పేరుకు ‘వాడుక తప్పింది’ అని ముద్ర వేసి, కొన్ని వెర్షన్ల పాటు రెండు పేర్లనూ పనిచేయనిస్తారు. ఈలోగా పాత పేరు వాడిన ప్రోగ్రామును తర్జుమా చేసినప్పుడల్లా హెచ్చరిక కనిపిస్తుంది. చదివేవారు తక్కువే అనుకోండి. కానీ రేపు ఏదైనా చెడితే వెతుక్కోవడానికి ఒక చోటు ఉంటుంది.

విమ్ ఎంచుకున్న దారి

ఇదే చిక్కును విమ్ ఎడిటర్ ఇంకోలా దాటింది. దాని తాత వీఐ. 1976 ప్రాంతంలో బర్క్‌లీలో బిల్ జాయ్ రాసింది. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన విమ్ మొదట వీఐకి నకలుగానే పుట్టింది కాబట్టి, వీఐకి చేతులు అలవాటైనవారికి అది మాట ఇచ్చినట్టే అయింది. వీఐలో ‘యూ’ నొక్కితే చివరి మార్పు రద్దవుతుంది, మళ్లీ నొక్కితే ఆ రద్దు రద్దవుతుంది. విమ్‌లో ఎన్నిసార్లు నొక్కితే అన్ని మార్పులు వెనక్కి వెళ్లవచ్చు. ఇదే మేలైన పద్ధతి, అయినా పాత పద్ధతి కావాలనేవారికోసం విమ్ ఒక అమరికలో ఒక అక్షరం కేటాయించింది. అలా వీఐ పాత నడతల్లో చాలావాటికి ఒక్కో అక్షరం చొప్పున ఆ అమరిక ఒక మూటలా పెరిగింది.

వీఐ నుంచి వచ్చిన కొన్ని నడతలు తర్కానికి నిలవవు. ‘డీ’ మీట చెరపడానికి, ‘సీ’ మార్చడానికి, ‘డబ్ల్యూ’ తర్వాతి మాట మొదలు దాకా వెళ్లడానికి. డీ-డబ్ల్యూ నొక్కితే మాటతో పాటు పక్కనున్న ఖాళీ కూడా పోతుంది. సీ-డబ్ల్యూ నొక్కితే ఖాళీ పోదు, మాట ఒక్కటే పోతుంది. ఇది మినహాయింపు అని విమ్ పత్రాలే చెబుతాయి. ‘వై’ సంగతీ అంతే. పెద్ద డీ వరస చివరిదాకా చెరుపుతుంది, పెద్ద సీ వరస చివరిదాకా మారుస్తుంది, పెద్ద వై మాత్రం వరసంతా నకలు తీస్తుంది. చివరిదాకా తీయడమే సబబని ఒప్పుకుంటూనే, వీఐతో పొందిక కోసం విమ్ దాన్ని అలాగే ఉంచింది. కావాలనుకున్నవారు తమ అమరికల ఫైల్‌లో ఒక్క వరస రాసుకుని మార్చుకోవాలి. విమ్ నుంచి చీలిన నియోవిమ్ 2021 చివర్లో వచ్చిన 0.6 వెర్షన్‌లో పెద్ద వైని వరస చివరిదాకా నకలు తీసేలా మార్చేసింది. అయితే కమాండ్‌ను తాకలేదు, మీటకు కొత్త అర్థం కట్టిందంతే. ఆ కట్టు విప్పితే పాత వై తిరిగి వస్తుంది.

బ్యాక్‌స్పేస్ విషయంలో విమ్ చేసినది ఇంకా నేర్పుగా ఉంటుంది. వీఐలో టైపు చేయడం మొదలుపెట్టిన చోటు కంటే వెనక్కి బ్యాక్‌స్పేస్ పోదు, వరస మొదటికి వచ్చాక పై వరసకు ఎక్కదు. కొత్తగా వచ్చినవారికి మీట చెడిపోయినట్టే అనిపించేది. 2016 సెప్టెంబరులో వచ్చిన విమ్ 8.0 ఈ మీటను అందరూ ఆశించినట్టు చేసింది, కానీ ఆ మార్పును కొత్త డిఫాల్ట్‌ల ఫైల్ ఒకదానిలో పెట్టింది. వాడేవారికి సొంత అమరికల ఫైల్ లేనప్పుడే అది అమల్లోకి వస్తుంది. ఏళ్లుగా వాడుతున్నవారి దగ్గర సొంత ఫైల్ ఉంటుంది కాబట్టి వారికి ఏమీ మారదు. నిన్న దించుకున్నవారి దగ్గర ఉండదు కాబట్టి కొత్త నడత దొరుకుతుంది. ఎవరు పాతవారో, ఎవరు కొత్తవారో అడగకుండానే కనిపెట్టారన్నమాట.

ఒక అక్షరాన్ని అంటిపెట్టుకుని వచ్చే గుర్తులను ఎలా చెరపాలన్నదానికీ విమ్‌లో ఒక అమరిక ఉంది. మూసి ఉంటే గుర్తులతో సహా అక్షరం పోతుంది, తెరిస్తే గుర్తులు ఒక్కొక్కటే పోతాయి. తేల్చి చెప్పలేని ప్రశ్న ఎదురైనప్పుడల్లా విమ్ దాన్ని వాడేవారికే వదిలేస్తుంది. దీని ఖరీదు కూడా కనిపిస్తూనే ఉంటుంది. అమరికలు పెరిగేకొద్దీ వాటి కలయికలు పెరుగుతాయి. ఒక యంత్రం మీద నేర్చుకున్నవారు ఇంకో యంత్రం దగ్గర కూర్చుంటే వేళ్లు తడబడతాయి. తెలుగు అక్షరాల విషయంలో మనిషికీ ప్రోగ్రాముకూ వేర్వేరు తలుపులు పెట్టిన ఈమాక్స్ దారి ఇంతకంటే తేలిగ్గా అర్థమవుతుంది.

ఒకే మాట, రెండు లిపులు

ఎడిటర్ ఎంత జాగ్రత్తపడినా, గుత్తి ఎక్కడ ముగుస్తుందన్న నియమమే మారితే ఏం జరుగుతుంది? అలా జరిగింది కూడా. 2023 సెప్టెంబరుకు ముందు యూనికోడ్ సాధారణ నియమం ప్రకారం పొల్లు వెనుక హల్లుకే అంటుకునేది, తర్వాతి హల్లును తనతో కలుపుకునేది కాదు. ఆ లెక్కన ‘ధర్మవరం’ గుత్తులు ఐదు: ధ, ర్, మ, వ, రం. బడిలో ఏ పిల్లవాడిని అడిగినా నాలుగే అంటాడు. ఆ నెలలో వచ్చిన యూనికోడ్ 15.1 కొత్త నియమం చేర్చింది. హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే మధ్యలో విరవకూడదు. దాంతో గుత్తులు నాలుగయ్యాయి: ధ, ర్మ, వ, రం.

ఆ వెర్షన్‌లో ఈ నియమం ఆరు లిపులకే వర్తించింది: దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం. కన్నడం ఆ జాబితాలో లేదు. శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉన్న అమరాపురం లాంటి చోట్ల ఇది పుస్తకాల్లో మిగిలే విషయం కాదు. నొళంబ రాజుల రాజధానిగా కన్నడ శాసనాలు మిగుల్చుకున్న హేమావతి అమరాపురం మండలంలోనిదే. తెలుగు, కన్నడం రెండూ ఇక్కడ రోజువారీ భాషలు. రెండు లిపుల్లోనూ ఒకే మాట రాసి, యూనికోడ్ సాధారణ నియమాన్ని మాత్రమే పాటించే ప్రోగ్రాముకు ఇస్తే, తెలుగు ‘ర్మ’ను ఒక అక్షరంగా, కన్నడ ‘ర్మ’ను రెండుగా లెక్కపెడుతుంది.

ఇందులో వింత ఏమిటంటే, సంకేతాల పట్టికలో ఈ రెండు లిపులు అచ్చంగా అక్కాచెల్లెళ్లు. భారతీయ లిపులన్నిటికీ ఒకే క్రమం ఉండాలని మన దేశంలో తయారైన ఇస్కీ ప్రమాణాన్ని యూనికోడ్ తన భారతీయ లిపులకు ఆధారం చేసుకుంది. అప్పటికే ఇస్కీలో ఉన్న సమాచారం చెడకుండా తేవాలంటే అదే వీలైన దారి. అందువల్ల తెలుగు ‘క’ అంకెకు 128 కలిపితే కన్నడ ‘క’ వస్తుంది, మిగిలినవాటికీ చాలావరకు ఇదే లెక్క. సంకేతాల్లో ఇంత పొందిక ఉన్న రెండు లిపులు గుత్తుల నియమంలో వేరుపడ్డాయి.

ఈమాక్స్ గుత్తులను నిర్ణయించడానికి ఈ సాధారణ నియమం మీద ఆధారపడదు. అక్షరాన్ని తెరమీద గీయడానికి ఒక్కో లిపికీ రాసుకున్న సొంత కూర్పు నియమాలను వాడుతుంది. అందులో కన్నడానికీ నియమాలున్నాయి కాబట్టి డిలీట్ నొక్కితే అక్కడ కూడా సంయుక్తాక్షరం మొత్తంగానే పోతుంది. ఇలా సొంత నియమాలు పెట్టుకోవచ్చని యూనికోడ్ కూడా చెబుతుంది. తాను ఇచ్చేది మొదలుపెట్టడానికి పనికొచ్చే కనీస నియమమని, భాషకు తగ్గట్టు సవరించుకోవచ్చని దాని నివేదికలోనే ఉంది.

యూనికోడ్ ఏది మార్చదో కూడా ముందే చెప్పి పెట్టింది. ఒకసారి ఒక గుర్తుకు ఇచ్చిన అంకె మారదు. పేరులో అక్షరదోషం దొర్లినా ఆ పేరు మారదు. దోషం పక్కన సరైన రూపాన్ని మారుపేరుగా చేరుస్తారంతే. కొత్త అవసరం వస్తే కొత్త గడి నింపుతారు. తెలుగులో నకార పొల్లుకు 2021లో యూనికోడ్ 14తో విడి సంకేతం వచ్చింది అలాగే. అంతకుముందు న, పొల్లు కలిపి రాసిన పాఠాలు ఎలా ఉన్నవి అలాగే చెల్లుతాయి. గుత్తుల హద్దులకు మాత్రం ఇలాంటి హామీ లేదు. కాబట్టి ఫైల్‌లో ఒక చోటును అంకెతో గుర్తుపెట్టుకోవాల్సిన ప్రోగ్రాములు సంకేతాలనే లెక్కపెట్టుకోవాలి. గుత్తుల లెక్కను తెరమీద కర్సర్ కదిలేటప్పుడు, మీట నొక్కినప్పుడు అప్పటికప్పుడు కట్టుకోవాలి. ఫైల్‌లో గుత్తుల సంఖ్యను రాసి దాచుకున్న ప్రోగ్రాముకు 15.1 తర్వాత ‘ధర్మవరం’ దగ్గర తాను గుర్తుపెట్టుకున్న చోటు ఒక అక్షరం పక్కకు జరిగి కనిపిస్తుంది.